గ్రహజననము: యాదృచ్ఛికమా, నియమమా?

ఆకాశమున కనిపించు నక్షత్రములలో మన సూర్యునివలె గ్రహములను వెంటబెట్టుకొని తిరుగునవి ఎన్ని? దూరదర్శినితో పరిశీలించి ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుట 20వ శతాబ్ది చివరి దశకము వరకు సాధ్యము కాలేదు. అయినను శాస్త్రజ్ఞులు ఏదో ఒక సమాధానము చెప్పుచునే వచ్చిరి. గ్రహములు ఎట్లు పుట్టినవని తాము నమ్మిరో, దానినిబట్టి అన్యలోకములు కలవనియో, లేవనియో తీర్మానించిరి. సిద్ధాంతము మారినప్పుడెల్ల విశ్వమున లోకముల సంఖ్యయు మారినది.

1755లో జర్మను తత్త్వవేత్త కాంట్, 1796లో ఫ్రెంచి గణితజ్ఞుడు లాప్లాస్ ఇంచుమించు ఒకే రీతి ఊహ చేసిరి. విశాలమైన వాయుమేఘమొకటి తన ఆకర్షణచేతనే కుదించుకొనుచు, తిరుగుచు, చదునై చక్రాకృతి దాల్చినది. నడుమ సూర్యుడు, చుట్టును గ్రహములు ఏర్పడినవి. దీనికే నీహారికావాదమని పేరు. ఇది నిజమైనచో నక్షత్రము పుట్టుటలోనే గ్రహములు పుట్టుటయు ఇమిడియున్నది. ఆకాశము లోకములతో నిండియుండవలెను.

అయితే ఈ వాదమునకు ఒక చిక్కు ఎదురైనది. సౌరకుటుంబపు ద్రవ్యరాశిలో నూటికి 99 పాళ్ళకు పైగా సూర్యునియందే యున్నది. కాని ఆ కుటుంబపు కోణీయ ద్రవ్యవేగములో, అనగా తిరుగుడునకు సంబంధించిన రాశిలో, అత్యధికభాగము గ్రహములకు చెందియున్నది. కుదించుకొనిన మేఘపు నడుమనున్న సూర్యుడు మిక్కిలి వడిగా తిరుగవలసియుండగా, సుమారు 25 దినములకు ఒక్కమారు మాత్రమే తనచుట్టు తాను తిరుగుచున్నాడు.

ఈ చిక్కును తప్పించుటకై 20వ శతాబ్ది తొలినాళ్ళలో అమెరికాలో చాంబర్లిన్, మౌల్టనులు, పిదప ఇంగ్లండులో జీన్స్, జెఫ్రీసులు వేరొక మార్గము త్రొక్కిరి. ఒకానొక నక్షత్రము సూర్యుని చేరువగా సాగిపోయినదట; చంద్రుడు సముద్రమును పొంగించునట్లు అది సూర్యునినుండి పదార్థమును పైకి లాగినదట; ఆ పదార్థమే గ్రహములైనదట. నక్షత్రముల నడుమ దూరములు అపారములు గనుక అట్టి సంఘటన అత్యంత అరుదు. కాబట్టి భూమి ఒక యాదృచ్ఛిక ఘటన ఫలము. విశ్వమున మనము ఇంచుమించు ఒంటరులము. ఒక తరము విద్యావంతులు దీనిని శాస్త్రనిర్ణయముగానే స్వీకరించిరి.

1939లో లైమన్ స్పిట్జర్ ఈ వాదమును లెక్కలతో ఖండించెను. సూర్యునినుండి వెలికివచ్చిన వాయువు అత్యుష్ణమైనది గనుక, గ్రహములుగా ముద్దకట్టకమునుపే చెదరిపోవునని అతడు చూపెను. నీహారికావాదము క్రొత్తరూపమున తిరిగివచ్చినది. యౌవనదశలో సూర్యుని అయస్కాంతక్షేత్రమును, అతనినుండి వెలువడు కణప్రవాహమును అతని వడిని క్రమముగా తగ్గించినవని నేడు భావించుచున్నారు.

ఇక వెదకుటయే మిగిలినది. 1952లో ఆటో స్ట్రూవె ఒక సూచన చేసెను. బృహస్పతివంటి మహాగ్రహము తన నక్షత్రమునకు అతిసమీపమున నుండి, దినమొకటిలో చుట్టివచ్చుచు ఉండరాదా? ఉన్నచో నక్షత్రము అటునిటు ఊగుట వర్ణపటమున కనిపించును. మన బృహస్పతి సూర్యుని చుట్టివచ్చుటకు సుమారు 12 ఏండ్లు పట్టును గనుక, ఈ మాటను లక్ష్యపెట్టినవారు తక్కువ.

1963లో పీటర్ వాన్ డి కాంప్ సుమారు 6 కాంతి సంవత్సరముల దూరముననున్న బర్నార్డు నక్షత్రమునకు గ్రహము కలదని ప్రకటించెను. 1938 నుండి తీయించిన ఛాయాచిత్రములే అతనికి ఆధారము. 1973లో ఇతరులు వేరు పలకములను కొలిచి చూడగా ఆ ఊగు కనిపింపలేదు. అతని దూరదర్శినిలో కటకమును సవరించినప్పుడెల్ల నక్షత్రము కదలినట్లు తోచినదని అదే సంవత్సరము వెల్లడియైనది. అతడు 1995 మే నెలలో మరణించెను. ఆ యేటి అక్టోబరులోనే మేయర్, కెలో అను స్విస్ శాస్త్రజ్ఞులు 51 పెగాసీ అను నక్షత్రమునకు గ్రహమును కనుగొన్నట్లు ప్రకటించిరి. బృహస్పతిలో సుమారు సగము బరువుగల ఆ గ్రహము 4 దినములకు పైచిలుకు కాలములో తన నక్షత్రమును చుట్టివచ్చుచున్నది. స్ట్రూవె ఊహ ఫలించినది. బర్నార్డు నక్షత్రమునకును భూమికంటె చిన్నవగు గ్రహములు కలవని 2024, 2025 సంవత్సరములలో తెలియవచ్చినది; అవి వాన్ డి కాంప్ చెప్పిన గ్రహము మాత్రము కాదు.

2014లో చిలీ దేశమందలి ఆల్మా రేడియో దూరదర్శినులు ఎచ్.ఎల్. టౌరీ అను పసినక్షత్రము చుట్టును ధూళిచక్రమును, అందు వలయములుగా ఏర్పడిన ఎడములను చిత్రించినవి. కాంట్ మనసున ఊహించిన చక్రము కంటికి కనిపించినది. అట్టి చక్రములో ధూళికణములు ఒండొంటిని అంటుకొని గులకలై, గులకలు కొండలై, కొండలు పరస్పరాకర్షణచే కూడి గ్రహములగునని నేటి సిద్ధాంతము. 2025 నాటికి తెలిసిన అన్యగ్రహముల సంఖ్య 6,000 చేరినది.

అవి నివాసయోగ్యములా అన్నది వేరు ప్రశ్న. నీరు ద్రవరూపమున నిలువగల దూరమున గ్రహముండుట మొదటి నియమము, అదియే చాలదు. సుమారు 40 కాంతి సంవత్సరముల దూరముననున్న ట్రాపిస్టు-1 నక్షత్రమునకు 7 గ్రహములు కలవని 2017లో ప్రకటించిరి. 2023లో వెబ్ దూరదర్శిని పరిశీలింపగా, లోపలి గ్రహములలో మొదటిదానికి దట్టమైన వాయుమండలమున్న జాడ కానరాలేదు. తక్కినవాటి పరీక్ష సాగుచున్నది.

జీన్స్ కాలమున గ్రహకుటుంబము మనకు ఒక్కటే తెలియును. ఆ ఒక్కదానినిబట్టి అది అరుదని నిర్ణయించిరి. ఆ నిర్ణయము నిలువలేదు. నేడు జీవము విషయమున మనస్థితి సరిగా అట్టిదే. భూమియొక్కటే మనకు ఉదాహరణము. దానినిబట్టి విశ్వమంతట జీవము కలదని సంతోషించుటయు, ఎచ్చటను లేదని నిరాశపడుటయు తొందరపాటే యగును. వాన్ డి కాంప్ పలకములను తిరిగి కొలిచినవారి ఓరిమియే ఈ అన్వేషణకును కావలెను.