పాన్‌గల్ సీమలో రాతకోతల భద్రత: తాటాకు నుంచి హార్డ్ డిస్క్ వరకు

వనపర్తి జిల్లాలోని పాన్‌గల్ కోట పేరు దక్కను చరిత్రలో ముఖ్యంగా ఒక ముట్టడి వల్ల నిలిచింది. 1417 ప్రాంతంలో మొదలై రెండేళ్లకు పైగా సాగిన ఆ ముట్టడిలో బహమనీ సుల్తాను ఫిరోజ్ షా సైన్యం అంటురోగానికి చిక్కి, చివరికి విజయనగర సేనల చేతిలో ఓడిపోయిందని 17వ శతాబ్ది ఆరంభంలో బీజాపూరులో చరిత్ర రచించిన ఫెరిష్తా వివరంగా చెప్పాడు. ఆ కథనం చెక్కుచెదరకుండా మనదాకా వచ్చినా, అందులోని కోట ఏదన్న విషయంలో మాత్రం భేదాభిప్రాయాలు మిగిలాయి. నల్లగొండ పక్కన, కందూరు చోళుల ఆలయాలున్న ఊరు కూడా పానగల్లే కాబట్టి కొందరు చరిత్రకారులు ఆ యుద్ధాన్ని అక్కడ జరిగినట్టుగా రాశారు. రాత నిలిచి, అది ఏ చోటికి చెందిందో తెలిపే ఆనవాలు చెదిరిపోవడం ఒక రకం నష్టం. రాత ఉన్న వస్తువే పాడవడం మరొక రకం. కంప్యూటర్ డిస్కు చెడినప్పుడు నిపుణులు మొట్టమొదట తేల్చుకునేది కూడా ఈ రెంటిలో జరిగింది ఏదన్నదే.

తాటాకు గ్రంథాల కాలంలో ఈ తేడా కంటికి కనిపించేది. గంటంతో గీసి, గీతల్లోకి మసి పట్టించిన ఆకులను రంధ్రం గుండా దారంతో గుచ్చి, పైనా కిందా చెక్కపలకలు పెట్టి కట్టేవారు. పురుగు తొలిచిన చోట అక్షరం పోయిందంటే ఆ ఆకులోంచి దాన్ని తిరిగి రాబట్టే దారి లేదు, మరో ప్రతి ఉంటే దాన్ని చూసి పూరించుకోవాలి. దారం తెగి ఆకులు కలగాపులగమైతే మాత్రం అక్షరాలన్నీ ఉన్నట్టే. అంచున వేసిన పత్రసంఖ్యలను బట్టి వరుస పేర్చుకుంటే గ్రంథం మళ్లీ చేతికొస్తుంది.

భూమి రికార్డుల్లో వ్యవహారం ఇంతకంటే చిక్కైనది, పాలమూరు రైతుకు దీని బాధ ఎక్కువ తెలుసు. నిజాం కాలపు సర్వే తర్వాత తయారైన మూల రిజిస్టరును సేత్వార్ అంటారు, అది ఉర్దూలో ఉంటుంది. 1954-55లో సర్వే నంబర్ల వారీగా పట్టాదారును, సాగుదారును నమోదు చేసిన ఖాస్రా పహాణీ దాని తర్వాతి ఆధారం. 1984లో పటేల్, పట్వారీ వ్యవస్థ రద్దయ్యేదాకా గ్రామ లెక్కలు ఎక్కువగా పట్వారీ అధీనంలోనే ఉండేవి. రిజిస్ట్రేషన్ కార్యాలయాల్లో 1908 నాటి చట్టం ప్రకారం దస్తావేజు నకలును సంపుటంలోకి ఎక్కించడంతో పాటు పేర్లకు ఒకటి, ఆస్తులకు ఒకటి చొప్పున రెండు సూచికలు నిర్వహించేవారు. ఆ సూచికలో సర్వే నంబరు తప్పు పడితే, దస్తావేజు సంపుటంలో భద్రంగా ఉన్నా వెతికినవారికి దొరకదు. 1998 నవంబర్‌లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘కార్డ్’ పథకం కింద 214 సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాలను కంప్యూటరీకరించింది. ఇప్పటికీ ఆన్‌లైన్‌లో ఆస్తి లావాదేవీల వివరం 1983 నుంచే లభిస్తుంది, అంతకు ముందటి వాటికి పాత సంపుటాలే దిక్కు. 2020 అక్టోబర్ 29న భూ రికార్డుల పోర్టల్ ధరణి వచ్చాక విస్తీర్ణమో సర్వే నంబరో తప్పుగా ఎక్కిన రైతులు సవరణ కోసం కార్యాలయాల చుట్టూ తిరగవలసి వచ్చింది; 2025లో భూభారతి చట్టం దాని స్థానంలోకి వచ్చింది. ఈ తప్పుల్లో ఎన్నో సర్వర్లు చెడి పుట్టినవి కావు, ఎక్కించేటప్పుడు పడినవి. వాటిని దిద్దడానికి ఆధారమయ్యేది మళ్లీ ఆ సేత్వార్, ఆ ఖాస్రా పహాణీలే.

డిస్కు చరిత్ర 1956లో ఐబీఎం తెచ్చిన రామాక్ యంత్రంతో మొదలైంది. అందులోని 50 పళ్లేలు, ఒక్కొక్కటి 24 అంగుళాల వ్యాసంతో, అన్నీ కలిపి 50 లక్షల అక్షరాలను పట్టేవి. 1988లో ప్రెయిరీటెక్ సంస్థ రెండున్నర అంగుళాల డిస్కును తయారుచేసిన తర్వాత అది చిన్న లాప్‌టాప్‌లలోనూ ఇమిడింది. పళ్లెం మీది వలయాలను సెక్టార్లనే చిన్న గదులుగా విభజిస్తారు. గది చదవడానికి రాకపోతే బ్యాడ్ సెక్టార్ అంటారు. ఏ ఫైలు ఏయే గదుల్లో ఉందో చెప్పే పట్టికల ఏర్పాటు ఫైల్ సిస్టమ్. డాస్ కాలపు ఫైల్ సిస్టమ్ ఈ పట్టికను రెండు ప్రతులుగా ఉంచేది, అంటే సూచిక చెడితేనే ఎక్కువ నష్టమన్న సంగతి దాన్ని రూపొందించినవారికి తెలుసు. రాస్తూ ఉండగా కరెంటు పోతే ముందు దెబ్బతినేది తరచుగా ఈ పట్టికే. వేసవిలో కరెంటు కోతలకు అలవాటుపడిన పల్లెల్లో, బ్యాటరీ అరిగిపోయిన లాప్‌టాప్‌లకు ఈ ముప్పు ఎప్పుడూ ఉండేదే.

విండోస్‌లోని చెక్‌డిస్క్ ఆజ్ఞకు ‘ఎఫ్’ అనే సూచన జోడిస్తే అది పట్టికలోని పొరపాట్లను సరిదిద్దుతుంది. ‘ఆర్’ జోడిస్తే దానితో పాటు ప్రతి గదినీ చదివి చూస్తుంది. పళ్లెం ఆరోగ్యంగా ఉండి పట్టిక మాత్రమే చెదిరినప్పుడు ఇది మంచి మందే గాని, డిస్కు లోపల టకటకమని చప్పుడు వస్తూ, గదులు ఒక్కొక్కటే పోతున్న దశలో దాన్ని గంటల తరబడి చదివిస్తే మిగిలినదీ పోవచ్చు. కాబట్టి ముందు నకలు, ఆ తర్వాత మరమ్మతు అన్నది ఈ వృత్తిలో మొదటి నియమం. 2004లో ఆంటోనియో డియాజ్ డియాజ్ విడుదల చేసిన డీడీరెస్క్యూ సాఫ్ట్‌వేర్ సులువుగా చదవగలిగిన భాగాలను ముందుగా కాపీ చేసి, మొండికేసిన చోట్లకు చివర్లో తిరిగి వస్తుంది.

నీళ్లలో నానిన వాటి విషయంలో మాత్రం కాగితానికీ డిస్కుకూ చికిత్స ఒకటి కాదు. 2009 అక్టోబర్‌లో తుంగభద్ర పొంగి ఆలంపురం, కర్నూలు పట్టణాలు మునిగాయి. అలాంటి వరదలో తడిసిన రిజిస్టరును ఎండలో పెట్టకుండా నీడన, గాలి తగిలేలా, పుటల మధ్య నీరు పీల్చే కాగితాలు ఉంచి ఆరబెడతారు. తడిసిన హార్డ్ డిస్కును మాత్రం ఆరనివ్వకూడదు, కరెంటు అసలే ఇవ్వకూడదు, ఎందుకంటే నీరు ఇంకిపోగానే బురద పళ్లెం మీద అట్టకడుతుంది. దాన్ని తడి ఆరకుండా సంచిలో మూసి, డేటా రాబట్టే ప్రయోగశాలకు చేర్చాలి.

ఇటీవలి లాప్‌టాప్‌లలో పళ్లెం లేదు. విద్యుదావేశాన్ని చిప్పుల్లో నిలిపే ఎస్‌ఎస్‌డీ ఉంది. అది కిందపడినా, కుదుపులకు లోనైనా తట్టుకుంటుంది గాని, చెడేముందు చప్పుడు చేయదు. పైగా ఫైలు తుడిచాక ఖాళీ అయిన చోట్లను ట్రిమ్ అనే ఆజ్ఞ ద్వారా నిర్వహణ వ్యవస్థ ఎస్‌ఎస్‌డీకి తెలియజేస్తుంది, ఎస్‌ఎస్‌డీ వాటిని తనంతట తానే శుభ్రం చేసుకుంటుంది. పాత డిస్కులో పట్టికలోని పేరు పోయినా గదిలోని రాత కొంతకాలం మిగిలేది. ఇక్కడ రెండూ దాదాపు కలిసే పోతాయి. ఖాస్రా పహాణీ నకలును స్కాన్ చేసి లాప్‌టాప్‌లో దాచుకున్న కుటుంబం పొరపాటున దాన్ని తుడిస్తే, మరో పరికరంలో ప్రతి లేనప్పుడు, తహసీల్ కార్యాలయంలో మళ్లీ నకలుకు దరఖాస్తు పెట్టుకోవలసిందే.