లెక్క కట్టే చెయ్యా, సంతకం పెట్టే చెయ్యా?

రాత్రి రెండున్నర. శంషాబాద్ విమానాశ్రయంలో ఆగి ఉన్న ఏ320 ఎడమ రెక్క కింద ఉన్నావు. చక్రాలకు అడ్డంగా చాక్‌లు, రెక్క చివర నారింజ రంగు కోన్‌లు. ఇంజిన్ దగ్గరికి వెళ్తే ఇంకా చల్లారని వేడి ముఖానికి తగులుతోంది. నీ ఎప్‌సెట్ ర్యాంకు వచ్చేసింది, వెబ్ ఆప్షన్ల గడువు దగ్గరపడింది. 'విమానాల ఇంజినీరింగ్ చదువుతా' అని ఇంట్లో చెప్పేశావు. ఆ ఒక్క మాటలో రెండు వేర్వేరు చదువులున్నాయి. అందులో మొదటిది నీ కళ్లముందే జరుగుతోంది, చూడు.

"అన్నా, ఆయిల్ చూశా. ఒక క్వార్టు పోశా" అంటున్నాడు టెక్నీషియన్.

"లాగ్‌లో రాశావా?"

"రాస్తున్నా అన్నా."

"రాయి. మూత సరిగ్గా పడిందో లేదో నేనూ ఒకసారి చూస్తా."

ఆ అన్న, అంటే లైసెన్సున్న మెయింటెనెన్స్ ఇంజినీరు, టార్చి పట్టుకుని ఇంజిన్ ముందు వంగాడు. ఫ్యాన్‌ను చేత్తో మెల్లగా తిప్పుతూ ఒక్కో బ్లేడు అంచునూ చూస్తున్నాడు. రాయో పిట్టో తగిలి చిన్న గంటు పడిందేమోనని వెతుకులాట. తర్వాత టైరు గాళ్ల లోతు, బ్రేకు అరుగుదల చూపే పిన్ను. తెచ్చిన పనిముట్లన్నీ లెక్కపెట్టి పెట్టెలో సర్దాక టెక్ లాగ్ తెరిచి సంతకం పెట్టాడు. తెల్లవారుజామున ఈ విమానం ఎక్కేవాళ్లెవరికీ ఆ మనిషి తెలియదు. కానీ ఆ సంతకం లేనిదే విమానం కదలదు.

ఈ చదువు పేరు ఎయిర్‌క్రాఫ్ట్ మెయింటెనెన్స్ ఇంజినీరింగ్, ఏఎంఈ. ఇంటర్ ఎంపీసీ చాలు. అయితే ఇక్కడ చేతికి రావాల్సింది పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇచ్చే లైసెన్సు. దానికోసం మాడ్యూల్ పరీక్షలు ఒక్కొక్కటీ 75 శాతంతో గట్టెక్కాలి, నిజమైన విమానాల మీద పనిచేసిన అనుభవం చూపాలి. ఇంజిన్, బాడీ వైపు వెళ్తే బీ1, ఏవియానిక్స్ వైపైతే బీ2. ఆ పైన ఒక్కో రకం విమానానికీ విడిగా అర్హత తెచ్చుకోవాలి. నాలుగేళ్ల బీటెక్ ఏరోనాటికల్ పట్టా ఒక్కటే ఉంటే ఆ లాగ్ పుస్తకంలో సంతకం పెట్టే హక్కు రాదు. చాలా ఇళ్లలో ఈ సంగతి ఫీజు కట్టాకే తెలుస్తోంది. అందుకే ముందే చెబుతున్నా.

ఇప్పుడు మధ్యాహ్నం. దుండిగల్ వైపు ఒక కాలేజీ ల్యాబ్‌లోకి వచ్చావు. పైన ఎయిర్ ఫోర్స్ అకాడమీ శిక్షణ విమానాల మోత. లోపల విండ్ టన్నెల్ హోరు దాన్ని మింగేస్తోంది. గాజు కిటికీ వెనక చిన్న రెక్క నమూనా, దాని మీద వరుసగా అతికించిన దారపు పోగులు. సార్ రెక్క కోణాన్ని నాలుగు డిగ్రీలకు, ఎనిమిదికి, పన్నెండుకు పెంచుతున్నారు. పోగులు గాలి వాలున ఒద్దికగా పడుకునే ఉన్నాయి. పదిహేను దగ్గరికి రాగానే వెనక అంచు పోగులు వణికాయి, లేచాయి, కొన్ని ఎదురు తిరిగాయి. రెక్కను పైకెత్తే బలం చూపే అంకె పడిపోయింది. స్టాల్!

"ఎందుకు పడిపోయింది?" అని సార్ అడిగారు. ఆ 'ఎందుకు' నిన్ను రాత్రి నిద్రపోనివ్వకపోతే బీటెక్ ఏరోనాటికల్ లేదా ఏరోస్పేస్ నీ చదువు. ఏరోడైనమిక్స్, స్ట్రక్చర్స్, ప్రొపల్షన్, ఫ్లైట్ మెకానిక్స్ అన్నీ ఆ ప్రశ్నకు కొమ్మలే. వాటన్నింటిలోనూ గణితం ప్రవహిస్తుంది. ఇంటర్‌లో డిఫరెన్షియల్ ఈక్వేషన్లు తప్పించుకున్నవాళ్లకు ఇక్కడ తప్పించుకునే చోటు లేదు. బొంబాయి, కాన్పూర్, ఖరగ్‌పూర్, మద్రాసు ఐఐటీల్లో ఏరోస్పేస్ ఉంది. తిరువనంతపురంలో 2007లో మొదలైన ఐఐఎస్‌టీ ఉంది. రాష్ట్ర కౌన్సెలింగ్‌లో చేరినా దారి మూసుకుపోదు. గేట్‌లో ఏరోస్పేస్‌కు విడిగా పేపరుంది. హెచ్‌ఏఎల్, ఎన్‌ఏఎల్, డీఆర్‌డీవో వంటి చోట్ల పరిశోధన, డిజైన్ పని ఉంది. కానీ ఒక నిజం గుర్తుంచుకో. క్యాంపస్‌కు వచ్చే కంపెనీల్లో సాఫ్ట్‌వేర్‌వే ఎక్కువ. విమానం దగ్గరే ఉండాలంటే ఎంటెక్ దాకా పట్టుదల కావాలి.

ఈ రెండు చదువులే కాదు, హైదరాబాద్ శివారు ఆదిభట్లలోనూ ఒక్క నిమిషం ఆగు. అక్కడ అపాచీ హెలికాప్టర్ల ఫ్యూజలాజ్‌లు తయారవుతున్నాయి, సీ-130జే రవాణా విమానాల తోకలు తయారవుతున్నాయి. ఇలాంటి తయారీలో మెకానికల్ చదివినవాళ్లకూ డిప్లొమావాళ్లకూ చోటుంది. ఏరో సీటు అందకపోతే కల పోయినట్టు కాదు.

చివరిగా ఏఎంఈ తరగతి గది. తెర మీద ఒక ఫొటో: ముందు భాగం పైకప్పు మొత్తం లేచిపోయిన విమానం. 1988 ఏప్రిల్ 28, హవాయి దీవులు, అలోహా ఎయిర్‌లైన్స్ బోయింగ్ 737. 24,000 అడుగుల ఎత్తులో కప్పు చీలిపోయి ఒక ఎయిర్‌హోస్టెస్ గాల్లో కలిసిపోయింది. పైలట్లు మిగతావాళ్లను నేలకు దించగలిగారు. అప్పటికి ఆ విమానం 89,680 సార్లు ఎగిరి దిగింది. రేకుల అతుకుల్లో జిగురు పట్టు వదిలింది, భారం రివెట్ల మీద పడింది, రంధ్రాల చుట్టూ సన్నని పగుళ్లు పాకాయి. తనిఖీల్లో వాటిని ఎవరూ పట్టుకోలేదు. ఆ అతుకును అలా రూపొందించిందీ ఇంజినీరింగే, దాన్ని సరిగ్గా చూడకుండా వదిలేసిందీ ఇంజినీరింగే. లెక్క కట్టే చెయ్యి, సంతకం పెట్టే చెయ్యి రెండూ నిజాయితీగా ఉంటేనే ప్రయాణికులు ఇల్లు చేరతారు. ఇందులో ఏదీ చిన్న చదువు కాదు, ఒకటి దొరకనివాళ్లకు మిగిలేది ఇంకొకటి కానే కాదు.

కాబట్టి ఆప్షన్లు పెట్టేముందు రెండు పనులు చెయ్యి. ఏఎంఈ అనుకుంటే ఆ సంస్థ డీజీసీఏ సీఏఆర్-147 అనుమతి జాబితాలో ఉందో లేదో చూడు. అక్కడ చేరినవాళ్లలో ఎందరు లైసెన్సు దాకా వెళ్లారో సీనియర్లను అడుగు. 'ఏవియేషన్' అని హోర్డింగుల మీద కనిపించేదంతా ఇంజినీరింగ్ కాదు. బీటెక్ అనుకుంటే విండ్ టన్నెల్ నడుస్తోందా, దుమ్ము పట్టి ఉందా అని స్వయంగా వెళ్లి చూడు. పని ఏదో తేల్చుకున్నాకే కాలేజీ పేరు చూడు. ఆ తర్వాత ఏ దారిలోనైనా కష్టం తప్పదు, కానీ ఆ కష్టం నువ్వు కోరి ఎంచుకున్నదవుతుంది.