తాళపుచెవిలో రేడియో

నర్సంపేటనుండి పాకాల చెరువు చూడబోయిన యొక గృహస్థు తన కారు తాళపుచెవిని నీటిలో జారవిడిచెననుకొందము. వెనుకటి దినములైనచో తాళములవాడు ఆకురాయి పట్టి మారుచెవిని చేసియిచ్చెడివాడు. 1861లో అమెరికాదేశమున లైనస్ యేల్ పేటెంటు పొందిన తాళమునకు వలెనే, కారుతాళమునకును చెవిపళ్లే సర్వస్వము. పళ్లు కుదిరిన బండి కదలును, దొంగకైనను అంతే.

1986లో జనరల్ మోటార్సువారు కార్వెట్ కారు చెవిలో చిన్న విద్యున్నిరోధకమును పొదిగిరి. అవి 15 రకములే కావున ఓపికగల దొంగకు అసాధ్యము కాలేదు. అసలు మార్పు తరువాతి దశాబ్దమున వచ్చినది. చెవి తలలో నిమిడిన యొక చిన్న రేడియో! మన యిండ్లలోని రేడియోకు కరెంటో బ్యాటరీయో కావలెను, దీనికేదియు నక్కరలేదు. తాళము చుట్టునున్న తీగచుట్ట పంపు తరంగములనే ఆహారముగా గొని తన సంకేతమును పలుకును. కారులోని కంప్యూటరు దానిని గుర్తించినగాని ఇంజను నడువదు. 1998 నుండి ఐరోపా సమాఖ్యలో కొత్తకార్లకిది విధియైనది. తలుపులు తెరచు రిమోటు మీట వేరు, దానికి బ్యాటరీ యుండును. రెంటిని ఒకటిగా భ్రమించి చిక్కుపడువారిని మేమెరుగుదుము.

1996 నుండి అమెరికాలో వచ్చిన ఫోర్డు కార్లు పెక్కింటిలో, గుర్తింపుపొందిన రెండు చెవులను ఒకదాని వెంట నొకటి త్రిప్పి, వెంటనే కొత్తదానిని త్రిప్పినచో అది ఇంటివద్దనే నమోదగును. ఒక్కటే యున్నచో కాదు. ఇది కఠినమని మేమును మొదట తలచితిమి. కాని కారు కడుగుటకో నడుపుటకో ఒకపూట చెవి నందుకొన్నవాడు దానితో మరియొకదానిని పుట్టింపకుండుటకే ఈ కట్టడి. పాకాల చూడబోయిన గృహస్థు బండి అట్టిదైనచో, బీరువాలో రెండవచెవి భద్రముగా నున్నను, కొత్తదానికి మెకానిక్కు యంత్రము తప్పదు.