పది నిమిషాల్లో విమానాన్ని తిప్పి పంపినవాళ్ళు

మా ఆఫీసులో లిఫ్టు దిగగానే ఎదురుగా గోడ మీద పెద్దపెద్ద అక్షరాలతో ఐదు "విలువలు" రాసుంటాయి. అందులో మొదటిది, మా మనుషులే మా బలం అని. పోయినేడాది మా టీములో ముగ్గురు లాప్‌టాపూ, ఐడీ కార్డూ అప్పజెప్పి ఆ గోడ ముందు నుంచే వెళ్ళిపోయారు. అప్పట్నుంచి కల్చర్ అన్న మాట వింటే నాకు నవ్వొస్తుంది. ఆ తర్వాత రెండు నెలలకి హెచ్చార్ వాళ్ళు మమ్మల్నందర్నీ కూర్చోబెట్టి సౌత్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ గురించి ఒక స్లైడు చూపించారు. ఎంబీయే చదివిన స్నేహితులు ఎవరైనా ఉంటే అడగండి, ఈ కేస్ స్టడీ చదవనివాడు ఉండడు. నవ్వుతున్న ఎయిర్‌హోస్టెస్‌లూ, జోకులేసే పైలట్లూ, 47 ఏళ్ళ వరస లాభాలూ. ఇంత అమాయకంగా ఏ వ్యాపారమూ నడవదని నా అనుమానం. పట్టుబట్టి ఆ కంపెనీ చరిత్ర చదివాను. స్లైడులో ఉన్నదానికన్నా లేనిదే ఎక్కువ అని తేలింది.

1967 మార్చిలో టెక్సస్‌లో రోలిన్ కింగ్ అనే వ్యాపారి, హెర్బ్ కెల్లెహర్ అనే లాయరు కలిసి ఈ కంపెనీ పెట్టారు. డాలస్, హ్యూస్టన్, శాన్ ఆంటోనియో, ఈ మూడు ఊళ్ళ మధ్య చవగ్గా విమానాలు నడపాలని ఆలోచన. అప్పట్లో అమెరికాలో టికెట్టు ధర కూడా కేంద్ర ప్రభుత్వమే నిర్ణయించేది. రాష్ట్రం సరిహద్దు దాటకపోతే ఆ గొడవ లేదు. 1968లో రాష్ట్రం అనుమతిచ్చింది. వెంటనే బ్రానిఫ్, ట్రాన్స్-టెక్సస్, కాంటినెంటల్, మూడూ కలిసి కోర్టుకెక్కాయి. కింది కోర్టులో ఓటమి, అప్పీల్లోనూ ఓటమి. ఉన్న డబ్బంతా లాయర్లకే అయిపోయింది. ఇక మూసేద్దామని డైరెక్టర్లు అంటుంటే, నా ఫీజు వద్దు, కోర్టు ఖర్చులు కూడా నేనే పెట్టుకుంటా, ఇంకొక్కసారి వాదిస్తానన్నాడు కెల్లెహర్. 1970లో టెక్సస్ సుప్రీంకోర్టులో గెలిచాడు. మొదటి విమానం ఎగిరింది 1971 జూన్ 18న. అంటే ఒక్క టికెట్టు కూడా అమ్మకుండానే నాలుగేళ్ళు! ఇలాంటి శత్రువులున్న కంపెనీకి వేరే టీమ్ బిల్డింగ్ ఎందుకు చెప్పండి. మనల్నయితే శామీర్‌పేట రిసార్టుకి తీసికెళ్ళి తాడు లాగిస్తారు.

అసలు కథ 1972లో ఉంది. మూడు బోయింగ్ 737లతో మొదలుపెట్టి నాలుగోది తెచ్చుకున్నారు. డబ్బుల్లేవు. సిబ్బందిని తగ్గించాలి, లేదా సర్వీసులు తగ్గించాలి, లేదా ఆ నాలుగో విమానం అమ్మాలి. విమానం అమ్మేశారు. టైమ్‌టేబులు మాత్రం నాలుగు విమానాలదే ఉంచారు! అదెలా కుదురుతుంది? లెక్క వేస్తే ఒకటే దారి తేలింది. విమానం దిగి, జనం దిగి, సామాన్లు దించి, మళ్ళీ ఎక్కించి, జనం ఎక్కి, గాల్లోకి లేవడానికి పది నిమిషాలు. అంతకుమించి ఒక్క నిమిషం పట్టినా టైమ్‌టేబులు కూలిపోతుంది.

స్లైడులో "టీమ్ స్పిరిట్" అని రెండు ముక్కల్లో తేల్చేసింది దీన్నే. పది నిమిషాల్లో ఆ పని అవ్వాలంటే ఇది నా పని కాదు అనే మాట ఎవరి నోటా రాకూడదు. ఖాళీగా ఉంటే పైలట్ కూడా సామాన్లకి చెయ్యి వెయ్యాలి, ఎయిర్‌హోస్టెస్‌లు చెత్త ఏరాలి. సీటు నంబర్లు ఉండవు, వచ్చినవాళ్ళు వచ్చినట్టు కూర్చోవడమే. భోజనం లేదు. అన్నీ ఒకే రకం విమానాలు కాబట్టి ఏ పైలటైనా ఏ విమానమైనా నడుపుతాడు. మనం కల్చర్ అంటున్నది వాళ్ళకి ఆ రోజు మధ్యాహ్నం గడవడానికి కావలసిన పని పద్ధతి, అంతే. పేరు తర్వాత పెట్టారు.

1973 మొదట్లో బ్రానిఫ్ వాళ్ళు డాలస్-హ్యూస్టన్ టికెట్టు సగానికి, 13 డాలర్లకి దించారు. ఆ రూట్లో సౌత్‌వెస్ట్ టికెట్టు 26. దించితే దివాలా, దించకపోతే సీట్లు ఖాళీ. వీళ్ళు ఏం చేశారంటే, 13 ఇస్తారా, సరే, అదే ఇవ్వండి. 26 ఇస్తే ఒక మంచి మందు సీసా ఫ్రీ అన్నారు. కంపెనీ ఖర్చు మీద తిరిగే వ్యాపారస్తులు చక్కగా 26 బిల్లు పెట్టుకుని సీసా ఇంటికి పట్టుకెళ్ళారు. మేనేజర్ల మనస్తత్వం ఏ దేశంలోనైనా ఒకటే! ఆ ఏడే మొదటిసారి లాభం, ఆ తర్వాత ఉద్యోగులకి లాభాల్లో వాటా. 2019 దాకా మళ్ళీ నష్టం చూడలేదు.

1978లో ధరల మీద నియంత్రణ ఎత్తేశాక ఇతర కంపెనీలకి వీళ్ళని అనుకరించాలనిపించింది. 1993లో కాంటినెంటల్ "లైట్" అని మొదలుపెట్టి 1995లో మూసేసింది. 1994లో యునైటెడ్ "షటిల్" మొదలుపెట్టి 2001లో ఎత్తేసింది. 737లు ఎవరైనా కొనొచ్చు, ధర ఎవరైనా తగ్గించొచ్చు. మరి ఏది కొనలేకపోయారు? జోడీ హాఫర్ గిట్టెల్ అనే పరిశోధకురాలు 1990ల్లో ఎయిర్‌పోర్టుల్లో తిరిగి దీన్నే పరిశీలించారు. కొన్ని కంపెనీల్లో విమానం ఆలస్యమైతే ఏ డిపార్ట్‌మెంట్ వల్లో తేల్చి ఆ ఖాతాలో రాసేవారు. దాంతో విమానం సంగతి వదిలేసి తప్పు తమ మీద పడకుండా చూసుకోవడమే అందరి పనీ అయ్యింది. సౌత్‌వెస్ట్‌లో "టీమ్ డిలే" అని ఒక ఖాతా పెట్టారు. ఎవరి తప్పని తవ్వరు, అందరిదీ. ప్రొడక్షన్ ఇష్యూ వచ్చిన రాత్రి డెవలపర్లూ టెస్టర్లూ ఈమెయిళ్ళు విసురుకోవడం చూసినవాళ్ళకి ఇంతకంటే విడమరిచి చెప్పక్కర్లేదు.

ఒక మాట మాత్రం ఒప్పుకోవాలి. అంతా కల్చరే అంటే అబద్ధం. ఇంధనం ధర ముందే ఖాయం చేసుకునే ఒప్పందాలు 2000ల్లో వాళ్ళని బాగా కాపాడాయి. ఇంకోటి, ఉద్యోగుల్లో ఎక్కువమంది యూనియన్ సభ్యులే. యూనియన్లుంటే కల్చర్ చెడుతుందనే పెద్దమనుషులు ఇది గమనించాలి. 2001 సెప్టెంబర్ దాడుల తర్వాత మిగతా పెద్ద కంపెనీలు వేలమందిని తీసేస్తే వీళ్ళు ఒక్కర్నీ తియ్యలేదు.

ఇక మన లైనుకి సంబంధించిన భాగం. 2022 డిసెంబర్లో అమెరికా అంతా మంచు తుఫాను. మిగతా కంపెనీలు రెండు మూడు రోజుల్లో తేరుకున్నాయి. సౌత్‌వెస్ట్ మాత్రం 16,700 దాకా విమానాలు రద్దు చేసింది, 20 లక్షల మందికి పైగా ప్రయాణికులు ఇరుక్కుపోయారు. జిల్లా బస్సులన్నీ ఎంజీబీఎస్‌కి వచ్చిపోయినట్టు కాకుండా, వాళ్ళ విమానాలు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి అలా పోతూనే ఉంటాయి. ఒక చోట తెగితే తర్వాత పైలట్ ఎక్కడున్నాడో, విమానం ఎక్కడుందో వెతుక్కోవాలి. ఆ క్రూ షెడ్యూలింగ్ సాఫ్ట్‌వేర్ పాతది, అన్ని మార్పుల్ని తట్టుకోలేకపోయింది. చివరికి పైలట్లు నేనిక్కడున్నాను మహాప్రభో అని చెప్పుకోడానికి ఫోన్ పట్టుకుని గంటల తరబడి వెయిట్ చేశారు. విమానం ఉంది, పైలట్ ఉన్నాడు, ఇద్దర్నీ కలిపే ప్రోగ్రామ్ లేదు. ఈ ముప్పు గురించి పైలట్ల యూనియన్ అంతకుముందే హెచ్చరించింది. 2023లో ప్రభుత్వం 14 కోట్ల డాలర్ల జరిమానా వేసింది.

నాకేమనిపిస్తుందంటే, ఆ పాత సాఫ్ట్‌వేర్ అన్నేళ్ళు బతికింది ఆ మంచి కల్చర్ వల్లే. ఏది తెగినా ఎవరో ఒకరు రాత్రంతా కూర్చుని చేత్తో అతికేస్తుంటే, పైనున్నవాళ్ళకి అది తెగిందనే తెలియదు. మా ప్రాజెక్టులో ఒక బ్యాచ్ జాబ్ ఇలాగే నడిచేది. రోజూ ఉదయం నాలుగింటికి లేచి దాన్ని సరిచేసే మా సీనియర్, పోయినేడాది వెళ్ళిపోయిన ముగ్గురిలో ఒకడు. అన్నట్టు, సౌత్‌వెస్ట్‌కి ఆ డిసెంబర్లో సీయీవోగా ఉన్న బాబ్ జోర్డన్, 1988లో ఆ కంపెనీలో చేరింది ప్రోగ్రామర్‌గా.

తర్వాతది త్వరగా జరిగిపోయింది. 2024లో ఎలియట్ అనే ఇన్వెస్ట్‌మెంట్ సంస్థ పెద్ద వాటా కొని మార్పులకి పట్టుబట్టింది. (2022 తుఫాను పేరు కూడా ఎలియటే, నేను కల్పించింది కాదు.) 2025 ఫిబ్రవరిలో 1,750 మందిని, అంటే ఆఫీసు ఉద్యోగుల్లో సుమారు 15 శాతాన్ని తీసేస్తున్నట్టు ప్రకటించారు. అన్నేళ్ళ చరిత్రలో ఇంత మూకుమ్మడిగా తియ్యడం అదే మొదలు. మేలో ఫ్రీ బ్యాగులు పోయాయి. 2026 జనవరి 27 నుంచి సీటు నంబర్లు వచ్చాయి.

మొన్న కొత్తగా చేరినవాళ్ళ ఇండక్షన్‌కి నన్నూ పిలిచారు. అదే స్లైడు. "కష్టకాలంలోనూ ఒక్కర్నీ తీసెయ్యని కంపెనీ" అన్న లైను అలాగే ఉంది. తేదీలతో సహా హెచ్చార్‌కి మెయిల్ పెట్టాను. నోటెడ్, థాంక్స్ అని జవాబొచ్చింది.