లిబెట్ ప్రయోగం

మనం అనుకున్నాక మెదడు పని మొదలుపెడుతుందా, మెదడు మొదలుపెట్టాక మనం అనుకుంటామా? తత్వవేత్తల ఈ ప్రశ్నను ప్రయోగశాలకు తెచ్చినవారు అమెరికన్ నాడీశాస్త్రవేత్త బెంజమిన్ లిబెట్ (1916–2007).

దారి వేసింది మాత్రం జర్మనీ. ఫ్రైబుర్గ్‌లో కోర్న్‌హూబర్, డీకె అనే పరిశోధకులు, మనిషి తనంతట తాను వేలు కదిపేటప్పటి మెదడు తరంగాలను టేపు మీద రికార్డు చేసి, టేపును వెనక్కి తిప్పి విశ్లేషించారు. పదేపదే తీసిన రికార్డుల సగటులో, కదలికకు సుమారు సెకను ముందునుంచే ఒక విద్యుత్ సంకేతం మెల్లగా పెరగడం కనిపించింది. 1965లో వెలువడిన ఈ ఫలితానికే సంసిద్ధతా సంకేతమని పేరు.

ఈ సంకేతం ముందా, కదపాలన్న కోరిక ముందా అన్నది లిబెట్ సందేహం. కోరిక పుట్టిన క్షణాన్ని పట్టుకోవడమే కష్టం. అందుకని తెర మీద 2.56 సెకన్లకు ఒక చుట్టు తిరిగే వెలుగుచుక్కను పెట్టారు. కుర్చీలో కూర్చున్న వ్యక్తి తోచినప్పుడు మణికట్టు కదిపి, కోరిక కలిగినప్పుడు చుక్క ఎక్కడుందో తర్వాత చెప్పాలి. 1983లో ‘బ్రెయిన్’ పత్రికలో అచ్చయిన లెక్క ప్రకారం, సంకేతం కదలికకు దాదాపు 550 మిల్లీసెకన్ల ముందు మొదలైంది. కోరిక తెలిసింది కేవలం 200 మిల్లీసెకన్ల ముందు.

దీన్నిబట్టి స్వేచ్ఛా సంకల్పం ఉత్త భ్రమేనని చాలామంది తీర్పిచ్చేశారు. లిబెట్ అంత దూరం పోలేదు. ఆఖరి క్షణంలో వద్దనుకుని ఆగే అధికారం స్పృహకు ఉందన్నారు. 2008లో జాన్-డిలన్ హేన్స్ బృందం, ఏ చేతి బటన్ నొక్కుతారో ఏడు సెకన్ల ముందే మెదడు స్కానింగ్‌లో పసిగట్టామంది. ఆ ఊహ నిజమైంది 60 శాతం సార్లే. నాణెం ఎగరేసినా 50 శాతం వస్తుంది!

ఆ తీర్పుకు గట్టి దెబ్బ 2012లో ఆరన్ షర్గర్ బృందం నుంచి తగిలింది. మెదడులో సందడి ఎప్పుడూ హెచ్చుతగ్గులవుతూనే ఉంటుంది. అది ఒక హద్దు దాటినప్పుడు చెయ్యి కదులుతుంది. కదిలిన క్షణం నుంచి వెనక్కి సగటు తీస్తే ఆ హెచ్చే సంకేతంలా కనిపిస్తుందని, దాన్ని ముందే జరిగిపోయిన నిర్ణయం అనుకోనక్కర్లేదని వారి వాదన. 2019లో ఊరి మావోజ్ బృందం ఏ సేవాసంస్థకు విరాళం ఇవ్వాలో ఎంచుకోమంది. ఏది ఎంచుకున్నా ఒకటే అన్నప్పుడు సంకేతం కనిపించింది. ఆలోచించి ఎంచుకోవలసి వచ్చినప్పుడు దాదాపు లేదు. మణికట్టు కదపడాన్ని జీవిత నిర్ణయాలతో ముడిపెట్టడమే ఈ చర్చలో మొదటినుంచీ ఉన్న బలహీనత.

స్వేచ్ఛా సంకల్పం లేదనే రాబర్ట్ సపోల్‌స్కీ కూడా ‘డిటర్మిన్డ్’ (2023)లో లిబెట్ లెక్కల మీద ఆధారపడలేదు. కోరిక ఎప్పుడు పుట్టిందన్నది కాదు, జన్యువులు, హార్మోన్లు, బాల్యం, పెరిగిన సమాజం కలిసి ఆ కోరికను ఎలా పుట్టించాయన్నదే ఆయన అడిగే ప్రశ్న.