నిర్దేశకుడు లేని వాద్యబృందం: ఓర్ఫియస్ స్వయంపాలన – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

న్యూయార్క్‌లో 1972లో ఏర్పడిన ఓర్ఫియస్ చాంబర్ ఆర్కెస్ట్రా నిర్దేశకుడు లేకుండా, సంగీత నిర్ణయాలను వాద్యకారులే తీసుకొంటూ నడిచిన సంస్థ. వియన్నా, బెర్లిన్, లండన్, మాస్కో నగరాలలో అంతకుముందు జరిగిన ప్రయోగాలతో పోల్చి దాని స్వయంపాలన స్వరూపాన్ని నిర్ధారించడం ఈ వ్యాసం ఉద్దేశం. పాలనలో స్వాతంత్ర్యం, వ్యాఖ్యానంలో స్వాతంత్ర్యం వేరువేరని, రెండవది నిలవాలంటే అధికారాన్ని తొలగించడం కన్నా దానిని చేతులు మార్చే పద్ధతి ముఖ్యమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: వాద్యబృందం, నిర్దేశకుడు, స్వయంపాలన, ఓర్ఫియస్, పెర్సింఫాన్స్.

1. ఉపోద్ఘాతం:

తెలుగునాట ‘ఆర్కెస్ట్రా’ అంటే పెళ్ళిపందిళ్ళలో సినిమా పాటలు వినిపించే బృందం, ‘కండక్టర్’ అంటే బస్సులో టికెట్టు ఇచ్చే ఉద్యోగి గుర్తుకు వస్తారు. అందువల్ల ఈ వ్యాసంలో పాశ్చాత్య శాస్త్రీయ సంగీత సందర్భంలో ‘వాద్యబృందం’, ‘నిర్దేశకుడు’ అనే మాటలను వాడడం జరిగింది. నిర్దేశకుడు ఏ వాద్యమూ వాయించడు. కాలప్రమాణాన్ని, ధ్వని హెచ్చుతగ్గులను, కృతి మొత్తానికి అన్వయించే భావాన్ని అతడే నిర్ణయిస్తాడు.

అయితే ఈ పదవి అనాదిగా ఉన్నది కాదు. 18వ శతాబ్దంలో హేడన్, మొజార్ట్ కృతులను వాయించే బృందాలను ప్రథమ వయొలిన్ వాద్యకారుడో, హార్ప్సికార్డ్ ముందు కూర్చున్న స్వరకర్తో నడిపేవారు. బృందాలు పెద్దవై కృతులు జటిలమైన 19వ శతాబ్దంలోనే వాయించకుండా నడిపే వ్యక్తి స్థానం స్థిరపడింది. కనుక నిర్దేశకుడు లేని చిన్న బృందాన్ని పూర్తిగా కొత్త ఆలోచనగా భావించడం సరికాదు. ఒక పాత ఆచారాన్ని కొత్త కారణంతో పునరుద్ధరించడంగా దానిని చూడాలి.

2. పాలనలో స్వాతంత్ర్యం:

వాద్యకారులు తమ సంస్థను తామే నడుపుకోవడం ఓర్ఫియస్‌తో మొదలు కాలేదు. 1842లో ప్రారంభమైన వియన్నా ఫిల్హార్మోనిక్ సభ్యుల పాలనలో నడిచే సంస్థ. 1933 తరువాత అది శాశ్వత నిర్దేశకుణ్ణి నియమించుకోలేదు. కచేరీలకు అతిథి నిర్దేశకులను ఆహ్వానిస్తుంది. 1882లో బెంజమిన్ బిల్జె బృందంలోని పరిస్థితులతో విసిగిన 50 మందికి పైగా వాద్యకారులు విడిపోయి బెర్లిన్ ఫిల్హార్మోనిక్‌ను స్థాపించారు. హెన్రీ వుడ్ బృందంలో తమ బదులు మరొకరిని పంపుకొనే వెసులుబాటును నిషేధించినప్పుడు బయటికి వచ్చినవారు 1904లో లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాను ఏర్పరచుకొన్నారు.

ఈ మూడింటిలోను సభ్యత్వం, నియామకం, ఆర్థిక వ్యవహారాలు వాద్యకారుల చేతికి వచ్చాయి. కాని కృతిని ఎలా వాయించాలన్న నిర్ణయం మాత్రం వేదికమీది నిర్దేశకుడిదే. పైగా స్వయంపాలన సమానత్వానికి హామీ కాదు. వియన్నా ఫిల్హార్మోనిక్ మహిళలకు సభ్యత్వం ఇవ్వడానికి అంగీకరించినది 1997లో. తమను తామే పాలించుకొన్న ఆ సభ్యులే శతాబ్దంన్నర పాటు ఆ తలుపును మూసి ఉంచారు. స్వయంపాలన శాశ్వతమూ కాదు. నాజీ పాలనలో బెర్లిన్ ఫిల్హార్మోనిక్ గోబెల్స్ ప్రచార మంత్రిత్వశాఖ అధీనంలోకి వెళ్ళింది.

3. వ్యాఖ్యానంలో స్వాతంత్ర్యం - మాస్కో ప్రయోగం:

రెండవ మెట్టు మాస్కోలో కనిపిస్తుంది. వయొలిన్ విద్వాంసుడు లెవ్ త్సెయిత్లిన్ చొరవతో 1922లో ‘పెర్సింఫాన్స్’ ఆవిర్భవించింది. ‘ప్రథమ సింఫనీ బృందం’ అనే అర్థమిచ్చే రష్యన్ మాటల సంక్షిప్త రూపమిది. వాద్యకారులు ఒకరికొకరు కనిపించేలా వలయాకారంగా కూర్చునేవారు. అందువల్ల కొందరి వీపు శ్రోతలవైపు ఉండేది. చేతికర్ర సైగల స్థానంలో చూపులు, తల కదలికలు వచ్చాయి.

1927లో ప్రొకోఫియెవ్ తన మూడవ పియానో కచెర్టోను ఈ బృందంతో వాయించాడు. తరువాత అతడు చేసిన పరిశీలన సాంకేతికంగా విలువైనది. కఠినమైన భాగాలను వారు సులువుగా దాటేవారని, ప్రతి వ్యక్తీ తనను ఏకవాద్యకారుడిగా భావించుకోవడమే దానికి కారణమని, కాలప్రమాణం మారే చోట్ల మాత్రం అసలు చిక్కు వచ్చేదని అతని సారాంశం. వేగం తగ్గవలసిన క్షణాన్ని అందరూ ఒకేలా అనుభవించాలి. అది ఒక్కొక్కరి నైపుణ్యంతో తీరే సమస్య కాదు. 1932లో ఈ బృందం రద్దయింది. స్వతంత్ర కళా, సాహిత్య సంఘాలను సోవియట్ ప్రభుత్వం రద్దుచేసిన సంవత్సరం కూడా అదే.

4. ఓర్ఫియస్ పద్ధతి:

సెల్లో వాద్యకారుడు జూలియన్ ఫైఫర్, అతని సహచరులు 1972లో ఓర్ఫియస్‌ను స్థాపించారు. నలుగురే ఉండే తంత్రీవాద్య చతుష్టయంలోని పరస్పర శ్రవణాన్ని సుమారు ముప్పై మందికి విస్తరింపజేయడం వారి ఆశయం. తొలినాళ్ళలో ప్రతి విషయంలోను అందరూ అభిప్రాయం చెప్పేవారు. ఫలితంగా రిహార్సల్ చర్చలకే సరిపోయేది. ఈ అనుభవం నుంచి ‘కేంద్రబృందం’ అనే ఏర్పాటు పుట్టింది.

ఒక కృతిని ఎంచుకొన్నాక వివిధ వాద్య విభాగాల నుంచి 5 నుంచి 10 మంది ముందుగా కలుస్తారు. కాలప్రమాణం, పదవిభజన, ధ్వని హెచ్చుతగ్గులపై ఒక తొలి రూపాన్ని వీరు సిద్ధం చేస్తారు. ఆ తరువాతి పూర్తి రిహార్సల్‌లో ఏ సభ్యుడైనా దానిని ప్రశ్నించవచ్చు. చివరి దశలో ఒకరు వాయించడం ఆపి సభాస్థలిలోకి వెళ్ళి కూర్చొని, వాద్యాల మధ్య సమతౌల్యం ఎలా ఉందో విని వచ్చి చెబుతారు. నిర్దేశకుడి చెవి చేసే పనిని ఈ విధంగా వంతులవారీగా పంచుకొంటారు. మరో కృతికి కేంద్రబృందం మారుతుంది, ప్రథమ వయొలిన్ స్థానమూ మారుతుంది. ఒక కృతిలో దారి చూపినవారు తరువాతి కృతిలో వెనుక వరుసలో కూర్చుంటారు.

డాయిష్ గ్రామఫోన్ సంస్థ ద్వారా వెలువడిన రికార్డింగులు, స్ట్రావిన్‌స్కీ లఘుకృతులకు 2001లో లభించిన గ్రామీ పురస్కారం ఈ పద్ధతి కళాపరంగా నిలిచిందనడానికి సాక్ష్యాలు. హార్వర్డ్ ఆచార్యుడు రిచర్డ్ హాక్‌మన్ వంటి సంస్థాగత మనస్తత్వ పరిశోధకులు సైతం దీనిని అధ్యయనం చేశారు.

5. పరిమితులు:

ఈ పద్ధతికి మూల్యం కాలం. ఒకరు చెప్పి ముగించే విషయాన్ని పలువురు వాదించి తేల్చుకోవాలి కనుక రిహార్సళ్ళ వ్యవధి, దానితోపాటు ఖర్చు పెరుగుతాయి. పరిమాణం మరో హద్దు. ఒకరి శ్వాస మరొకరికి వినిపించే దూరంలో సాధ్యమైనది వందమంది బృందంలో అదే తీరున సాధ్యం కాదు. హేడన్, మొజార్ట్ కృతులు ఓర్ఫియస్‌కు అంతగా ఒదగడానికి కారణం అవి పుట్టిన కాలపు వాదన పద్ధతే.

6. ముగింపు:

వియన్నా, బెర్లిన్, లండన్ వాద్యకారులు సంస్థను గెలుచుకొని వ్యాఖ్యానాన్ని నిర్దేశకుడికి వదిలారు. మాస్కో వాద్యకారులు వ్యాఖ్యానాన్ని గెలుచుకొన్నా పదేళ్ళకు మించి నిలవలేకపోయారు. ఓర్ఫియస్ నాయకత్వాన్ని రద్దు చేయలేదు; దానిని ఒక కృతి వ్యవధికి పరిమితం చేసింది. అందరూ ఎల్లప్పుడూ నిర్ణయించాలన్న తొలి ఆదర్శాన్ని సడలించడం వల్లనే అందరికీ నిర్ణయాధికారం దక్కింది. సమష్టి కళారూపాల చరిత్రను పరిశీలించేవారు ‘నాయకుడు ఉన్నాడా, లేడా’ అన్న ప్రశ్న దగ్గర ఆగరాదు. ‘నాయకత్వం ఎంతకాలం, ఎవరి అనుమతితో, తరువాత ఎవరికి’ అన్న ప్రశ్నలను కూడా వేయాలని ఈ ఉదాహరణ సూచిస్తుంది.