వసీకా వారసులు

మేం నవాబుల వారసులమట. మా తాతలు దూదేకారు, సాయిబుల బండి తోలారు. ఏ సర్కారూ వాళ్లకు బాకీ పడలేదు. అసలు వారసులకు ఏం మిగిలిందో లక్నోలో చూడాలి.

1825లో ఈస్టిండియా కంపెనీ బర్మా యుద్ధంలో ఉండగా, అవధ్ పాలకుడు ఘాజీయుద్దీన్ హైదర్ కోటి రూపాయలు అప్పిచ్చాడు. అసలు ఎన్నటికీ తిరిగి రాదు. ఏటా 5 శాతం వడ్డీ మాత్రం ఆయన చెప్పినవాళ్లకు, తర్వాత వాళ్ల వారసులకు ముడుతుంది. అదే వసీకా.

1856లో కంపెనీ అవధ్‌నే మింగింది. 1858లో కంపెనీ రాజ్యం పోయింది, 1947లో తెల్లదొరలు పోయారు. వసీకా ఆగలేదు. సర్కారు మాట తప్పలేదు. కానీ వడ్డీ పెరగలేదు, వారసులు పెరిగారు, రూపాయి కరిగింది. ఇప్పుడు కొందరికి నెలకు పది రూపాయలు కూడా రావు. తెచ్చుకోడానికి రిక్షా కిరాయే అంతకు మించుతుంది.

2021 నుంచి రిజర్వు బ్యాంకు దగ్గరే ఖాతా తెరిచి, మామూలు మనిషీ 30, 40 ఏళ్ల సర్కారు బాండ్లు కొనొచ్చు. వడ్డీ హరామని మాలో చాలామంది ముట్టరు. కొనేవాళ్లు వసీకాను తలుచుకోవాలి. సర్కారు రూపాయికే పూచీ పడుతుంది, ఆ రూపాయికొచ్చే బియ్యానికి కాదు.